అవ్యవహితకుటుంబ శబ్ద విమర్శనము

శాస్త్రకారుఁ డొక సంజ్ఞను జేయునప్పుడు ఆ పదమునకు లోకమునఁ గల యర్థమును నిలుపవలయునా, త్రోసివేయవలయునా యను ప్రశ్నము వ్యాకరణశాస్త్రమునఁ బ్రాఁతది. వృద్ధి యనఁగా లోకమునఁ బెంపు. పాణినీయమున ఆ, ఐ, ఔ లను మూఁ డచ్చులు. గుణమనఁగా లోకమున సౌశీల్యాదికము. అచ్చట అ, ఏ, ఓ లు. ఈ కృత్రిమార్థమువలన నెవ్వరికిని హాని లేదు. ఏలయన, ఆ సంజ్ఞ శాస్త్రపు టెల్లను దాఁటివచ్చి యొకరి యింటి తలుపు తట్టదు. ప్రభుత్వశాసనమునందలి సంజ్ఞ యట్టిది గాదు. అది యొక పదమునకు లక్షణము చెప్పిన మాత్రముననే యొకఁడు విమాన మెక్కఁగలఁడు. మఱియొకఁడు వాకిట నిలిచిపోవును. 2020 మార్చి మొదలు 2021 అక్టోబరు తుదివఱకు ఆస్ట్రేలియా దేశమున ‘ఇమ్మీడియట్ ఫ్యామిలీ’ యను రెండుమాటల సంజ్ఞ యిట్టి పనియే చేసినది. దాని లక్షణమున దోష మేదియో చూపుటయు, తెనుఁగున దానికిఁ దగిన శబ్దమును నిర్ణయించుటయు నీ వ్యాసమునకు విషయము.

ముందు వృత్తాంతము. కరోనా మహమ్మారి ప్రబలఁగా ఆస్ట్రేలియా ప్రభుత్వము 2020 మార్చి 20వ తేది రాత్రి తొమ్మిదిగంటలకు దేశపు వాకిళ్లు మూసివేసి, పౌరులును స్థిరనివాసులును వారి ‘ఇమ్మీడియట్ ఫ్యామిలీ’యుఁ దప్ప నన్యులు రాఁగూడదని విధించెను. మార్చి 25వ తేదినుండి పౌరులును స్థిరనివాసులును సైతము అనుజ్ఞ లేక దేశము విడిచి పోఁగూడదయ్యెను. భారతదేశమున లాక్‌డౌను మొదలైనదియు నా తేదియే. ఇటు విమానములును నిలిచిపోయినవి. మార్చి 28వ తేది తర్వాత ఆస్ట్రేలియాలో దిగినవారు పదునాలుగు దినములు హోటలుగదులలో క్వారంటైనున నుండవలసివచ్చెను. ఆ యేఁటి జూలైనుండి వచ్చువారి సంఖ్యకును మితి యేర్పడెను. 2021 జనాభాలెక్కలనుబట్టి ఆ దేశమున నింటిలోఁ దెనుఁగు మాటాడువా రించుమించు 59 వేలమంది. 2016 లెక్కలలో 34 వేలమందియే. అనఁగా వీరిలోఁ బెక్కండ్రు క్రొత్తగా వెళ్లినవారు. వారి తలిదండ్రు లిచటనే కృష్ణాగోదావరీతీరములను, తెలంగాణ రాయలసీమలలోను ఉండిపోయినవారు.

ఆ సంజ్ఞకుఁ జెప్పఁబడినది లక్షణముగాఁ గాక పరిగణనముగా నుండెను. పెండ్లియాడిన భర్త లేక భార్య; పెండ్లి లేకయే దంపతులవలెఁ గాపురముచేయు సహవాసి; ఆశ్రితులగు బిడ్డలు; చట్టసమ్మతుఁడగు సంరక్షకుఁడు. ఈ నాలుగు తెగలే యందుఁ బఠింపఁబడినవి. తల్లియుఁ దండ్రియు నందు లేరు. గణపాఠమున నాకృతిగణమైనచో నది పఠింపఁబడనివారికిని జోటిచ్చెడిది. ఇది నియతగణము, లెక్క ముగిసిన తర్వాత నొక్కరికైనఁ బ్రవేశము లేదు. కావున మెల్‌బోర్ను నగరమున స్థిరనివాసము పొందిన తెనుఁగు కూఁతురు తొలిచూలు గర్భిణి యైనపుడు, ఆమె మగఁడు హైదరాబాదునఁ జిక్కుపడియున్న నతఁడు ‘ఇమ్మీడియట్ ఫ్యామిలీ’ యై రావచ్చును. పురుడుపోయ రావలసిన తల్లి మాత్రము కుటుంబములోనిది గాదు. దయాదాక్షిణ్యములకుఁ దగిన కారణములు చూపి వేఱుగా మనవి చేసికొనుటకు దారి యుండెను. కాని యది యపవాదపు దారి. మనవి ద్రోసిపుచ్చఁబడినచో నడుగుటకు హక్కు లేదు.

ఇఁక శబ్దమును విచారింపవలయును. ‘ఇమ్మీడియట్’ అను నాంగ్లశబ్దమునకు మూలము నడుము అను నర్థముగల లాటిను పదమునకు నిషేధోపసర్గము చేరి యేర్పడిన రూపము. నడుమ నేమియు లేనిదని వ్యుత్పత్తి. కాలవిషయమునఁ బ్రయోగించిన ‘తక్షణము’ అనియు, దేశవిషయమునఁ బ్రయోగించిన ‘దాపున నున్నది’ యనియు నర్థము వచ్చును. నిఘంటువునఁ గనఁబడిన మొదటి యర్థమును బట్టుకొని ‘తక్షణకుటుంబము’ అనువాఁడు శబ్దమును జంపినవాఁడు. తక్షణ మేర్పడి తక్షణ మణఁగు కుటుంబ మెచటను లేదు. ‘దగ్గఱి కుటుంబము’ అను ననువాదము వాడుకకు సులభమే గాని, దగ్గఱ యెంత దగ్గఱ యను ప్రశ్నమునకు దానియందు బదులు లేదు.

‘సన్నిహితకుటుంబము’ అను మాట వినుట కింపుగా నున్నది. ఇదియే ప్రచారమునకు వచ్చునట్లు తోఁచుచున్నది. దీని ప్రక్రియ నారసి చూడవలయును. సమ్, ని అను నుపసర్గలు రెండు చేరిన ధాఞ్ ధాతువుమీఁదఁ గర్మార్థమున క్తప్రత్యయము రాఁగా, ధాతువునకు ‘హి’ యాదేశమై సన్నిహితశబ్ద మేర్పడును. సమీపమున నుంచఁబడినదని యర్థము. ఉంచఁబడుట యున్నచో నుంచినవాఁ డొకఁ డుండవలయును. ఉంచినవాఁడే తీసివేయవచ్చును గదా! ఒకే యింటఁ గాపురమున్న యన్యుఁడు సన్నిహితుఁడు; సముద్రమున కావల నున్న తల్లి సన్నిహితురాలు గాదు. చేరువ యీ శబ్దమున దేశమునుబట్టి వచ్చినదే గాని సంబంధమునుబట్టి వచ్చినది గాదు. ఈ పదమే నిలిచినచో, ఆ శాసనము చేసిన పొరపాటు తెనుఁగువ్యాకరణముచేత సమర్థింపఁబడినట్లగును. కావున నిది యెంత యింపైనను బరిహరింపఁదగినది.

తగిన శబ్దము వ్యాకరణమునందే సిద్ధముగా నున్నది. అది ‘అవ్యవహితము’. పూర్వమునకును బరమునకును నడుమ వేఱొక వర్ణము చొరకుండుట యవ్యవధానము. దధి, అత్ర అనుచోట ఇకారమునకు వెంటనే అకారము పరమగుటచేతనే యణాదేశము వచ్చి దధ్యత్ర యగుచున్నది. నడుమ నొక హల్లు వచ్చిన నీకార్యము లేదు. ఇట్లు ‘అవ్యవహితకుటుంబము’ అని యనువదించినతోడనే శాసనలక్షణము తప్పెక్కడనో తెలియవచ్చును. ఒక మనుష్యుని వంశక్రమమున నిలిపి చూచిన నతనికి వ్యవధానము లేని పరము కొడుకు, కూఁతురు. వ్యవధానము లేని పూర్వము తల్లి, తండ్రి. నడుమ నింకొక తరము రెండువైపులను లేదు. పరము నంగీకరించి పూర్వమును ద్రోసివేయుటకు శబ్దమునం దేమియు నాధారము గానరాదు. కొడుకునకుఁ దండ్రి వ్యవహితుఁడైనచోఁ దండ్రికిఁ గొడుకును వ్యవహితుఁడే కావలయును. అవ్యవధాన మిరువురి నడుమ నుండు ధర్మము. ఒకప్రక్క నుండి మఱియొకప్రక్క లేకపోవుట కది బాడుగయిల్లు గాదు. రమా, ఈశ అను రెండు కలసి రమేశ యైనపుడు పూర్వపరముల రెండింటి స్థానమున నొక్క యేకారమే వచ్చుచున్నది గాని, పరమునకు మాత్రమే వచ్చినదని యెవ్వఁడును జెప్పఁడు.

లక్షణమున కిట్లు లక్ష్యైకదేశమున వర్తింపమి యనెడి యవ్యాప్తిదోషము స్పష్టము. సంరక్షకశబ్దముచేత నది తీరునందురేమో! పసిబిడ్డ పౌరుఁడైనచో వాని తండ్రి సంరక్షకుఁడుగాఁ జొరఁబడఁగలఁడు, తండ్రిగాఁ జొరఁబడలేఁడు. బిడ్డకుఁ బదునెనిమిదేండ్లు నిండిన నాఁడే తండ్రి కుటుంబమునుండి రాలిపోవును. పెరిగినకొలఁది బంధము తెగిపోవుట లతాతంతువులయం దున్నదేమో గాని మనుష్యులయందు వినఁబడలేదు.

పూర్వపక్షి యిట్లనవచ్చును: మహమ్మారి దినములలో హోటలుగదులు కొన్నియే గలవు, విమానములు కొన్నియే, ఎక్కడనో యొకచోట గీఁత గీయక తప్పదు, ఆ గీఁత భార్యాబిడ్డలకడఁ బడినది, దానివలనఁ బ్రాణములు నిలిచినవి. ఈ వాదమును దేలికగాఁ ద్రోసివేయరాదు. రెండున్నరకోట్లకుఁ బైఁబడిన జనముగల యా దేశమున 2021 అక్టోబరు తుదికిఁ గరోనామరణములు రెండువేలకు లోఁబడియే యుండినవి. ఆ యేఁటి మే నెల తొలివారమున భారతదేశమున నొక్కరోజుననే నాలుగులక్షలకుఁ బైఁగాఁ గ్రొత్తరోగులు లెక్కకు వచ్చిరి. గీఁత గీయవలసినదే. కాని యాక్షేపము గీఁతనుగూర్చినది గాదు. గీఁతకుఁ బెట్టిన పేరునుగూర్చినది.

నిషేధమును నిషేధముగాఁ జెప్పుట వేఱు, దానిని సంజ్ఞాసూత్రమున నిమిడ్చి చెప్పుట వేఱు. ‘తలిదండ్రులు మీ కుటుంబమువారే, ఐనను గదులు లేవు గనుక నీకాలమున రానీయము’ అని యున్నచో నది నిషేధము. నిషేధమునకుఁ గారణము చెప్పవలసియుండును. కారణము తొలఁగిన నది తొలఁగవలసియుండును. గదులు పెరిగిన వెంటనే యడుగుటకు వీలగును. ‘తలిదండ్రులు మీ కుటుంబమువారు గారు’ అని సంజ్ఞలోఁ జెప్పినపుడు కారణ మడుగుటకే చోటు లేదు. సంజ్ఞ నెవ్వఁ డేల యని యడుగును? వృద్ధిసంజ్ఞ ఆకారమున కేల వచ్చినదని బాలుఁ డడిగిన గురువు నవ్వును. పదునెనిమిదినెలలకుఁ బైఁగా నీ శాసన మిట్లే యడుగరాని రూపమున నిలిచినది. అడిగినవారు లేకపోలేదు, ఆ దేశపు పార్లమెంటునకు మహజరులు పోయినవి. కాని మహజరు చేసికొన్నవా రడిగినది గదులను గాదు, పేరును. తమ తల్లిని దమ తల్లియని యొప్పుకొనుఁడని యడుగవలసివచ్చుట యెట్టి దైన్యమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

పాశ్చాత్యుల వాడుకలోఁ గుటుంబమనఁగా దంపతులును బిడ్డలును మాత్రమేయని, తెనుఁగుకన్నులతోఁ జూచి వారిని దప్పుపట్టఁగూడదని రెండవ పూర్వపక్షము. ఇది నిలువదు. ఆ దేశపు చట్టమునందే దీనికిఁ బ్రతికూలసాక్ష్య మున్నది. 2009 సంవత్సరపు ఫెయిర్ వర్క్ చట్టమున ‘ఇమ్మీడియట్ ఫ్యామిలీ’ యను నదే సంజ్ఞకు భార్యాభర్తలు, సహవాసి, బిడ్డ, తల్లి లేక తండ్రి, తాతయవ్వలు, మనుమలు, తోఁబుట్టువులు అని యర్థము చెప్పఁబడినది. వీరిలో నొకరు గతించినపుడు ఉద్యోగికి రెండుదినముల కారుణ్యపుసెలవు లభించును. ఒక దేశము, ఒక భాష, ఒక పదము. అర్థములు మాత్రము రెండు. ఈ రెండును గలసినచోట నేమి జరుగునో చూడుఁడు. సిడ్నీలో నున్న తెనుఁగుకొడుకునకు 2021 మే నెలలో నేలూరునఁ దండ్రి పోయినట్లు వార్త వచ్చినది. తండ్రి యవ్యవహితకుటుంబము గనుక యజమాని సెలవిచ్చును. ఆ సెలవులో దేశము దాఁటుటకు వేఱుగ ననుజ్ఞ కావలయును. దాఁటిన మఱల వచ్చుటకు దారి లేదు. వితంతువైన తల్లిని వెంటఁబెట్టుకొని రాఁదలఁచిన నామె యవ్యవహితకుటుంబము గాదు. మృతుఁడైన తండ్రి కుటుంబములోనివాఁడును, జీవించియున్న తల్లి కుటుంబమునకు వెలియు నగుట యే తర్కమునకు నందునది?

మన శాస్త్రములయందుఁ గుటుంబశబ్దమునకు భరింపఁదగిన వర్గమని ప్రసిద్ధి. ఆ పోష్యవర్గమును లెక్కించుచు స్మృతికారులు వృద్ధులగు తలిదండ్రులను, సాధ్వియగు భార్యను, పసివాఁడగు కొడుకును జేర్చి చెప్పిరి. శాసనము చివరి రెంటిని గైకొని మొదటిదానిని విడిచినది. ఆశ్రితత్వమే కుటుంబమునకు హేతువనుకొన్నను, ముదిమిలోఁ గొడుకుమీఁద నాధారపడిన తల్లి యాశ్రితురాలే గదా! భారతదేశమున 2007 నాఁటి తలిదండ్రుల, వృద్ధుల పోషణచట్టము ఆ భారమును బిడ్డలపైఁ బెట్టినది. కొడు కెచట నున్నను భారము వానిదే. కలసికొనుటకు మాత్రము వీలులేదయ్యెను.

పాణిని యపత్యాధికారమునఁ జేసిన యొక సంజ్ఞ యిట స్మరింపఁదగినది. గర్గుని మనుమఁడు గార్గ్యుఁడు. మునిమనుమఁడు, వంశమునఁ దండ్రి మొదలగు పెద్ద జీవించియున్నంతకాలము యువసంజ్ఞ గలవాఁడై గార్గ్యాయణుఁడు. ఆ పెద్ద గతించిన వెంటనే వాఁడును గార్గ్యుఁడే. పెద్దవాఁడు బ్రదికియుండుట యొక్కటియే పిన్నవాని పేరును మార్చుచున్నది. పిన్నవాఁ డేయూర నున్నను, ఎంత పెరిగినను, ఆశ్రితుఁడైనను గాకపోయినను నీ కార్యమునకు భేదము లేదు. శబ్దశాస్త్రమున బంధుత్వమునకు హేతువుగాఁ దీసికొనఁబడినది పెద్దవాని జీవనము. అచ్చటి శాసనమున హేతువు పిన్నవాని యసహాయత.

దూరముచేత సంబంధము శిథిలమగునను శంక ధర్మశాస్త్రకారులకును దోఁచినదే. అందుకే వారు దేశాంతరమున మృతులైన జ్ఞాతులవిషయమున నాశౌచమునకు సంకోచము చెప్పిరి. మహానది యడ్డమైనను, పర్వత మడ్డమైనను, భాష వేఱైనను అది దేశాంతరమని నిర్వచించిరి. కాని తలిదండ్రులవిషయమున నా సంకోచమును ద్రోసివేసిరి. కొడుకు దూరదేశమున నుండి యెంత యాలస్యముగా వినినను, విన్ననాఁటినుండి దశాహమును బూర్ణముగా నాచరింపవలసినదే యని నిర్ణయించిరి. వ్యవధానము భూమియందుఁ గలదు గాని సంబంధమున లేదని దీని తాత్పర్యము. 2020, 2021 సంవత్సరములలో నెందఱో తెనుఁగుబిడ్డలు తలిదండ్రుల దహనమును చరవాణి తెరమీఁదఁ జూచి, పరాయిదేశపు స్నానపుగదిలోఁ దలస్నానము చేసిరి. తమ్ముఁడో, మేనల్లుఁడో యిచటఁ గొఱవి పట్టెను. కర్తృత్వమును మఱియొకని కప్పగించుటకు శాస్త్రమున దారి యున్నది. దుఃఖము నప్పగించుటకు లేదు.

ఆ శాసనము పౌరులనే వెలిపుచ్చిన దినములు కొన్ని గలవు. భారతదేశమున రెండవయుప్పెన చెలరేఁగఁగా, 2021 మే 3వ తేదినుండి 15వ తేదివఱకు, భారతదేశమున నుండి పదునాలుగు దినములు గడువనివాఁడు ఆస్ట్రేలియా పౌరుఁడైనను ఆ దేశమునఁ గాలుమోపిన నైదేండ్ల చెఱయో, 66,600 డాలరుల జరిమానాయో, రెండునో పడునని యుత్తరువైనది. రావలయునని పేరు వ్రాయించుకొని వేచియుండినవారు తొమ్మిదివేలమంది వఱకుఁ గలరు. చూడవచ్చిన తల్లి పడకకడఁ జిక్కుపడినవారు వీరిలో నెందఱో! సంజ్ఞ యెంత సంకుచితమైనను బౌరశబ్దము నందుఁ జేర్చియున్నది గదా యని ధైర్యము చెప్పుకొన్నవారి కదియు నాఁడు చాలలేదు.

సరిహద్దు అను పదము పారసీకమునుండి వచ్చి తెనుఁగున స్థిరపడినది. అంతకుముందు మనకు ఎల్ల, పొలిమేర యను దేశ్యము లుండినవి. అందుఁ బొలిమేర పొలమునకు మేర. దాఁటరానిదను భావ మా మాటలో లేదు. పొలిమేరకడ నిలిచి పలుకరించుకొనుట పల్లెలలో నిత్యకృత్యము. ఆస్ట్రేలియాలో రాష్ట్రములు సైతము తమలోఁ దాము ఎల్లలు మూసికొనఁగా, క్వీన్స్‌లాండునకుఁ జేరిన కూలంగట్టాకును న్యూ సౌత్ వేల్సునకుఁ జేరిన ట్వీడ్ హెడ్సునకును నడుమ వీథిలోఁ బెట్టిన యడ్డుగోడల కీవల నొకరు, ఆవల నొకరు నిలిచి కుటుంబములు కలసికొనినవి. తెనుఁగువా రిది పరుల ముచ్చటయని త్రోసివేయుటకు వీలు లేదు. 2021 మే నెలలో నాంధ్రప్రదేశమునుండి హైదరాబాదు వైద్యశాలలకు రోగులను దెచ్చుచున్న యాంబులెన్సులు తెలంగాణపు టెల్లకడ నిలుపఁబడఁగా, ఉన్నతన్యాయస్థానము కలుగఁజేసికొని యా నిలుపుదలను నిలుపవలసివచ్చినది. అచ్చట నెల్లకు రెండువైపులఁ బలికినదియు తెనుఁగే.

ద్వారములు తెఱచుటకుఁ బెట్టిన నియమమునందును శబ్దవిచారమున కవకాశ మున్నది. 2021 జూలై తుదిని ఆ దేశపు ప్రభుత్వములు టీకాలు నూటికి డెబ్బదిమందికిఁ బడిన నొకమెట్టు, ఎనుబదిమందికిఁ బడిన మఱియొక మెట్టు సడలింతుమని యొడంబడినవి. నూటికి ఎనుబది యను సంఖ్య విశేషణము. దానికి విశేష్య మేది? దేశజనమా? కాదు; పదునాఱేండ్లు నిండినవారు మాత్రమే. వారు మొత్తము జనములో నించుమించు అయిదింట నాలుగుపాళ్లు. ఎనుబదిలో నైదింట నాలుగు పాళ్లన నఱువదినాలుగు. అనఁగా ఎనుబది యని చాటింపఁబడినది దేశజనమునుబట్టి చూడ నఱువదినాలుగే. విశేష్యమును విడిచి విశేషణమును మాత్రమే చాటించిన శ్రోత తనకు నచ్చిన విశేష్యమును గల్పించుకొనును. ఇది దోషమే గాని పెద్దదోషము గాదు. లెక్క యేర్పఱచినవారు పదునాఱేండ్ల మాట దాఁచలేదు. ఆఱుమాఱులు మూఁతపడి, మొత్తము 262 దినములు లాక్‌డౌనున నుండిన మెల్‌బోర్ను నగరము 2021 అక్టోబరు 21వ తేది రాత్రి డెబ్బదియవ మెట్టుకడఁ దెఱపి కన్నది.

టీకా వేసికొన్నవాఁడు అను సంజ్ఞ యింతకంటెఁ జిక్కైనది. ఏ టీకా? హైదరాబాదున భారత్ బయోటెక్ వారు చేసిన కోవాగ్జిను 2021 జనవరిలో భారతదేశమున ననుమతి పొందినది. ఆ నగరమందలి వృద్ధదంపతులు దానిని రెండుమోతాదులు వేయించుకొని టీకా పత్త్రము చేతఁబట్టుకొన్నను, ఆస్ట్రేలియా దృష్టిలో వారు టీకా వేసికొననివారే. కోవిషీల్డును ఆ దేశపు ఔషధాధికారులు 2021 అక్టోబరు 1వ తేదిని గుర్తించిరి. కోవాగ్జినును నవంబరు 1వ తేదిని. ఒక దినమున వారి దేహమున నేమియు మాఱలేదు. మాఱినది పదమునకు విషయము. నాఁటివఱకు సూదిపోటు జరిగియుఁ గార్యము సిద్ధింపకయుండెను, నాఁటినుండి సిద్ధించెను. కార్యము శాస్త్రదృష్టిచే అసిద్ధమగుట త్రిపాదీప్రకరణము చదివినవారికిఁ గ్రొత్త గాదు. అందలి యసిద్ధత్వమువలన నెవ్వరి ప్రయాణమును నిలువదు, అంతియే భేదము.

ఆ నవంబరు 1వ తేదియే తలిదండ్రులకును విముక్తిదినమైనది. అక్టోబరు నడుమఁ బ్రకటింపఁబడిన సవరణముచేఁ బౌరుల, స్థిరనివాసుల తలిదండ్రులును ‘ఇమ్మీడియట్ ఫ్యామిలీ’లోఁ జేర్పఁబడిరి. కన్నవారు, దత్తతగొన్నవారు, సవతితల్లి, మాఱుతండ్రి, అత్తమామలు అందఱును నా శబ్దమునకు విషయమైరి. పాణిని యేకశేషప్రకరణమున మాతాపితరుల నొక్క ‘పితరౌ’ యను పదమునఁ జేర్చి, వెనువెంటనే యత్తమామలను ‘శ్వశురౌ’ యనుపదమునఁ జేర్చెను. ఆ రెండుసూత్రముల యానుపూర్వి యీ సవరణమునఁ దెలియకయే యనుసరింపఁబడినది. సవరణమువలనఁ గ్రొత్తగదు లేమియుఁ గట్టఁబడలేదు. టీకాలు పడినవారికి గదుల యావశ్యకమే న్యూ సౌత్ వేల్సు, విక్టోరియాలలోఁ దీసివేయఁబడెను. గదుల కొఱఁతయే మొదటినుండి కారణమైనచోఁ దలిదండ్రులను సంజ్ఞలోఁ జేర్పవలసిన పనియే లేదు. గదినియమమును దీసివేసిన నిషేధము తానే తొలఁగవలసినది. సంజ్ఞను వేఱుగా సవరింపవలసివచ్చుటయే, దోషము సంజ్ఞలో నుండెననుటకు సాక్ష్యము. సవరించినవారిని మెచ్చుకొనవలసినదే. పశ్చిమ ఆస్ట్రేలియా మాత్రము 2022 మార్చి 3వ తేదివఱకుఁ దన వాకిలి తెఱవలేదు.

తెనుఁగున నిఁక రెండు శబ్దములు నిలుపవచ్చును. చట్టములను, ప్రభుత్వపత్త్రములను దెనిఁగించువారు ‘అవ్యవహితకుటుంబము’ అని వ్రాయుట యుక్తము. తలిదండ్రులను విడిచినచో నా పదము తానే యెదురు తిరుగును గనుక నది కావలివానివలెఁ బనిచేయును. వాడుకభాష కింత బరువైన పదము వలదనువారికి ‘అయినవారు’ అను మాట యెల్లవారి నోళ్ల నున్నది. అగు ధాతువు భూతకాలపు ధాతుజవిశేషణముతో నేర్పడిన యీ పదము, మనవారు అయినవారు అను నర్థమున రూఢము. దీనికిఁ బ్రతికూలము ‘కానివారు’. కన్నవారిని గానివారుగఁ జేసిన శాసనమును వివరించుటకుఁ దెనుఁగువాని కింతకంటెఁ బొడవైన వాక్యము అక్కఱలేదు.

సవరణమునకుఁ దర్వాతను మిగిలినవారు గలరు. తాత్కాలికముగా నుద్యోగమునకో, చదువునకో పోయి స్థిరనివాసము పొందనివారికి 2021 డిసెంబరు 15వ తేదివఱకుఁ దామే మఱల వచ్చుటకు వీలు లేదు; వారి తలిదండ్రులు చూడఁబోవుటకు 2022 ఫిబ్రవరి 21వ తేదివఱకు వేచియుండవలసివచ్చెను. తోఁబుట్టువులు సవరింపఁబడిన లక్షణమునను జేరలేదు. పాణిని ‘పితరౌ’ యనుటకు ముందే యన్నను జెల్లెలిని గలిపి ‘భ్రాతరౌ’ యని యొక్కపదముగఁ జేసియుంచినాఁడు. బ్రిస్బేనునందలి చెల్లెలు కాకినాడనున్న యన్నను రప్పించుకొనుటకు నా ఫిబ్రవరి 21వ తేదియే దిక్కైనది. నాఁ డతఁడు వచ్చినది బంధువుగాఁ గాదు, విహారయాత్రికుఁడుగా.